కామాతో సహా

పెదలంక, రాజోలు తాలూకా
12 అక్టోబరు 2024

షైనీకి తాతయ్య రాస్తున్నాను.

నువ్వు ఐర్లాండ్ చేరి నెల దాటింది. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తున్నావు. నేను ఆయ్ అనడం తప్ప ఏమీ మాట్లాడనని మీ అమ్మమ్మ కోప్పడింది. "పిల్ల అంత దూరం నుంచి మాట్లాడుతుంటే ఆ ఆయ్ ఏంటయ్యా, కామందు ముందు నిలబడ్డట్టు" అంది. నిజమే. ఆ ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే నాకు గొంతు పెగలదు. అందుకని ఉత్తరం. పోస్టాఫీసులో అడిగితే రెండు మూడు వారాలు పడుతుందన్నారు. పట్టనీ.

ఇక్కడ వానలు ఇంకా ఉన్నాయి. మోకాలు అలాగే ఉంది. చెట్టెక్కి కొబ్బరికాయల దింపు తీసే రోజులు అయిపోయాయి కదా. కొబ్బరి రాశి దగ్గర కూర్చుని కాయ ఏరుతున్నాను. పెద్దవి ఒక పక్కకి, చిన్నవి ఒక పక్కకి. అప్పలరాజు నా పక్కనే. మాటలు అతనివి, పని నాది.

మీ అమ్మ కువైట్ నుంచి మొన్న మాట్లాడింది. నీ చదువయ్యి ఉద్యోగం వస్తే ఆ ఇంటిపని మానేసి వచ్చేస్తానంది. వెళ్ళి పన్నెండేళ్ళయింది. ఒక్క ఏడాదే కదమ్మా షైనీ కోర్సు, అన్నాను.

అక్కడ మార్కులు ఎప్పుడిస్తారు? వచ్చినవి వచ్చినట్టు రాయి. చర్చిలో అడుగుతున్నారు. సూర్యప్రకాశరావు మాస్టారు కూడా అడిగేరు.

చలిదేశం. ఒంటికి కొబ్బరినూనె రాసుకో.

ఇశ్రాయేలు


3 నవంబరు 2024
ఐర్లాండ్

తాతయ్యా,

నీ ఉత్తరం వచ్చింది. నువ్వు ఇన్ని మాటలు ఒకేసారి చెప్పడం నేనెప్పుడూ వినలేదు. ఇక నుంచి నేనూ ఉత్తరమే రాస్తాను. ఫోన్లో నాకూ అంతే కదా. "తిన్నావా, తిన్నాను, పడుకున్నావా, పడుకోబోతున్నాను." మన ఇద్దరికీ అక్కడితో అయిపోతుంది.

ఇక్కడ చదువు వేరుగా ఉంది. నోట్సు చెప్పరు. ముఖ్యమైన ప్రశ్నలంటూ ఇవ్వరు. ఒక విషయం ఇచ్చి, దీని గురించి నువ్వేమనుకుంటున్నావో రాసి తీసుకురా అంటారు. మొదటివారం నాకు ఏమీ తోచలేదు. నేనేమనుకుంటున్నానని అమలాపురం కాలేజీలో నన్నెవరూ అడగలేదు. చివరికి మన లంకలో వరదొచ్చినప్పుడు తాగే నీళ్ళ గురించి రాశాను. బిందె అడుగున బురద దిగేదాకా అమ్మమ్మ మూత తియ్యనివ్వదు కదా, అది కూడా రాశాను.

మొదటి మార్కులు వచ్చాయి. అరవై రెండు.

కంగారుపడకు. ఇక్కడ నలభైకి పాస్. డెబ్బై దాటితే చాలా గొప్ప. మా క్లాసులో అందరికంటే ఎక్కువ అరవై ఎనిమిది. మేడమ్ నా కాగితం పక్కన "బాగుంది, ఇది నీ సొంతంగా ఉంది" అని రాసింది. నేను ఆ వాక్యాన్ని ఫోటో తీసుకుని దాచుకున్నాను.

నూనె రోజూ రాసుకుంటున్నాను. ఇక్కడ అది గడ్డకట్టిపోతోంది. గిన్నెలో వేణ్ణీళ్ళు పోసి సీసా అందులో పెట్టాలి.

షైనీ


పెదలంక
24 నవంబరు 2024

షైనీకి,

ఉత్తరం అందింది. అరవై రెండు అన్నచోట ఆగి నాలుగుసార్లు చదివేను.

నీకు ఇంటర్లో వెయ్యికి తొమ్మిది వందల డెబ్బై ఆరు. డిగ్రీలో తొంభై ఒకటి. మనకి అరవై రెండు ఎప్పుడూ రాలేదమ్మా.

అక్కడ అది మంచి మార్కేనని రాసేవు. నన్ను ఊరుకోబెట్టడానికి రాసేవని తెలుసు. నేను ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మమ్మ నోట వచ్చేసింది. రాశి దగ్గర అప్పలరాజు, "అరవై రెండంటే మా వాడికీ వచ్చేయండి టెన్తులో. వాడు రావులపాలెం దాటలేదు మరి" అన్నాడు. అందరూ నవ్వేరు. నేను కాయ ఏరుకున్నాను. మాస్టార్ని అడిగితే, "అరవై రెండంటే సెకండ్ క్లాసే ఇశ్రాయేలూ, ఏ దేశంలోనైనా" అన్నారు. హెడ్మాస్టరు చేసినాయన. ఆయనకి తెలీదంటానా.

తప్పు నీది కాదు. పుస్తకం పక్కన పెట్టేసి నీకు తోచింది రాసేవు. మన నీళ్ళ సంగతి వాళ్ళకెందుకమ్మా. బిందెలో బురద ఉందని దేశంగాని దేశంలో చెప్పుకుంటామా.

మనం ఎలా చేసేవాళ్ళమో అలా చెయ్యి. పేజీని నాలుగు ముక్కలు చేసుకో. ఒకటి నోటికొచ్చేదాకా రెండోది ముట్టుకోకు. ఏడుసార్లు పైకి, మూడుసార్లు లోపల. తెల్లారి లేచి మళ్ళీ ఒకసారి. పుస్తకం రాసిన పెద్దలకంటే మనకేం తెలుసు. వాళ్ళ మాట వాళ్ళకి అప్పజెప్పు. కామాతో సహా. అప్పుడు ఎవరు తగ్గిస్తారో చూద్దాం.

మీ అమ్మకి నేను మార్కులు చెప్పలేదు.

మీ అమ్మమ్మ నిమ్మకాయ ఊరగాయ పెట్టింది. పార్సిలు తీసుకోరట.

ఇశ్రాయేలు


17 డిసెంబరు 2024

తాతయ్యా,

నీ ఉత్తరం పరీక్షలకి ఆరు రోజుల ముందు వచ్చింది. అబద్ధం రాయను, చదివి ఏడ్చాను. నేను అరవై రెండుకి సంతోషపడ్డాను, నువ్వు రాశి దగ్గర తలదించుకున్నావు. ఆ రెండూ కలిపి చూస్తే నాకు నా మీద అసహ్యం వేసింది.

నువ్వు చెప్పినట్టే చేశాను. రెండు పేపర్లకి ఇక్కడి ప్రొఫెసరే రాసిన పుస్తకం ఉంది. ముఖ్యమనిపించిన తొమ్మిది పేజీలు తీసుకున్నాను. ముక్కలు చేసి, ఏడుసార్లు పైకి, మూడుసార్లు లోపల. గదిలో ఇంకో అమ్మాయి ఉంటుంది కనక కాలవగట్టు మీద నడుస్తూ చదివాను. కుక్కని తిప్పుకునే ముసలాయన నన్ను చూసి, ఒంట్లో బాగుందా అని అడిగాడు.

పరీక్షలో ఆ పేజీలే వచ్చాయి తాతయ్యా. నాలుగు ఒక పేపరులో, ఐదు ఒక పేపరులో. రాస్తుంటే పుస్తకం కళ్ళముందు ఉంది. పక్క పేజీలో ఉన్న బొమ్మ కూడా కనపడింది. ఒక్క మాట తప్పలేదు. చెయ్యి నొప్పి పుట్టింది, ఆగలేదు. బయటికి వచ్చాక అందరూ కష్టంగా ఉందని అనుకుంటుంటే నేను ఆ పేజీలే మళ్ళీ చెప్పుకుంటూ గదికి నడిచాను.

జనవరిలో మార్కులు. ఈసారి అరవై రెండు రాదు. రాశి దగ్గర చెప్పు.

షైనీ


పెదలంక
9 జనవరి 2025

షైనీకి,

నీ ఉత్తరం కొత్త సంవత్సరం రోజున వచ్చింది. మీ అమ్మమ్మకి చదివి వినిపించేను. ఒక్క మాట తప్పలేదు అన్నచోట ఆవిడ చేతులు జోడించింది.

ఆదివారం సాక్ష్యాలు చెప్పేవాళ్ళు లేవండి అని పాస్టరుగారు అంటే నేను లేచేను. నలభై ఏళ్ళుగా ఆ చర్చిలో వెనక వరసలో కూర్చుంటున్నాను, ఎప్పుడూ లేవలేదు. "మా మనవరాలు పరీక్ష బాగా రాసింది. స్తోత్రం" అన్నాను. అంతే వచ్చింది. కూర్చున్నాను. యేసురత్నం బయటికి వచ్చేక చెయ్యి పట్టుకుని, "మా పిల్లలకి కూడా ఆ కంఠతా పట్టే పద్ధతి చెప్పండి బాబాయ్" అన్నాడు. ముగ్గురు వస్తున్నారు సాయంత్రాలు.

అప్పలరాజుకి నేను చెప్పలేదు. అతనే వచ్చి, "ఏంటండీ, తొంభై దాటిందంట కదా" అన్నాడు. మార్కులు రాలేదు, దాటుతుంది అన్నాను. నా మాట తప్పో ఒప్పో, మార్కులు రాగానే రాయి.

మీ అమ్మ తను పనిచేసే ఇంటి సేటుకి నోటీసు ఇచ్చేసిందట, ఆగస్టుకి వచ్చేస్తానని. నేను ఆపలేదు.

ఇశ్రాయేలు


18 జనవరి 2025

తాతయ్యా,

ఇది కూర్చుని చదువు. అమ్మమ్మకి వెంటనే చెప్పకు.

రెండు పేపర్లకీ మార్కులు ఆపేశారు. నన్ను ఆఫీసుకి పిలిచారు. బల్ల మీద నా జవాబులు, పక్కన పుస్తకం పెట్టారు. పచ్చరంగు గీతలు గీసి ఉన్నాయి. గీత పడని వాక్యం ఒక్కటి లేదు. "పరీక్ష హాల్లోకి కాగితాలు ఎలా తీసుకొచ్చావు?" అని అడిగారు.

తేలేదండీ, కంఠతా పట్టాను అన్నాను. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. తొమ్మిది పేజీలా అని అడిగారు. అవునన్నాను. కోపంగా అడగలేదు తాతయ్యా. ఒక మనిషి చెయ్యగలిగే పనేనా అన్నట్టు చూశారు. మేడమ్ నా నీళ్ళ వ్యాసం కూడా తెచ్చింది. "ఇది రాసిన అమ్మాయివి ఇలా ఎందుకు చేశావు" అంది.

పుస్తకంలోది తమదిగా రాయడం ఇక్కడ తప్పే, దానికి మార్కులు తగ్గిస్తారు. కాగితాలు దాచి తీసుకెళ్ళడం మోసం. దానికి కోర్సులోంచే తీసేస్తారు. నాది ఏదో తేల్చడానికి ఫిబ్రవరి పద్నాలుగున కమిటీ కూర్చుంటుంది. చిన్నప్పటినుంచి నేను ఇలాగే చదివానని నాకు చదువు చెప్పినవాళ్ళు ఎవరైనా ఉత్తరం రాస్తే చూస్తామన్నారు. కాలేజీ వాళ్ళకి రాశాను, జవాబు లేదు. నాకున్నది నువ్వే.

తాతయ్యా, నీ మాటల్లో రాయి. తెలుగులోనే రాయి, వాళ్ళే ఇంగ్లీషులోకి మార్పించుకుంటారు. అరుగు మీద నన్ను కూర్చోబెట్టి ఎలా అప్పజెప్పించుకునేవాడివో, అది రాస్తే చాలు. అయితే అది నా చేతికి రాకూడదట, నేరుగా వాళ్ళకే అందాలి. ఈమెయిల్ అడ్రసు కింద రాశాను. రాజోలు నెట్ సెంటర్లో ఇస్తే ఫోటో తీసి పంపుతారు. పదో తారీఖు లోపల.

ఫోన్లో చెప్పాలనుకున్నాను. నువ్వు ఆయ్ అన్నావు. చెప్పలేకపోయాను.

షైనీ


పెదలంక
6 ఫిబ్రవరి 2025

షైనీకి,

నీ ఉత్తరం మొన్న మూడో తారీఖున అందింది. పని అయిపోయింది. దిగులు పెట్టుకోకు.

మొదట నేనే రాద్దామని కూర్చున్నాను. మూడు కాగితాలు చింపేసేను. నా అక్షరాలు నీకు తెలుసు, ఏతం తొక్కినట్టు ఒకటి పైకి ఒకటి కిందకి. అంత పెద్ద చదువులు చదివినవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని అది చూస్తారు. దింపు కూలీ రాసిన కాగితం. ఇలాంటివాడా ఈ పిల్లకి చదువు చెప్పింది అనుకుంటే నీకే చిన్నతనం.

మాస్టారి దగ్గరికి వెళ్ళేను. సంగతి చెప్పేను. "తెలుగులో రాయమందా? పిచ్చిపిల్ల. నేనున్నానుగా" అన్నారు. లోపలికి వెళ్ళి పాత ఫైలు తీసేరు. "ఇది కలిసొచ్చిన ఉత్తరం ఇశ్రాయేలూ. దీంతోనే ఒక కుర్రాడికి కెనడా వీసా వచ్చింది" అన్నారు. మార్చాల్సినవి మార్చి రెండు పేజీలు ఇంగ్లీషులో టైపు కొట్టించేరు. నాకు చదివి వినిపించేరు. ఏం అర్థమవుతుంది, గాని ఎంత బాగుందో. ఎక్కడా తడబాటు లేదు. కింద నా సంతకం పెట్టేను.

నిన్న బస్సెక్కి రాజోలు వెళ్ళేను. నెట్ సెంటరు నాగదుర్గ, "ఒకసారి చదివి చూసుకున్నారా తాతగారూ?" అని అడిగింది. "మాస్టారు రాసేరమ్మా" అన్నాను. పంపింది. చేరినట్టు మళ్ళీ కబురొచ్చిందని చూపించింది.

కాగితాలు తీసుకెళ్ళేవని వాళ్ళు ఎలా అనగలిగేరో. ఈ ఉత్తరం చూసి సిగ్గుపడతారు.

ఇశ్రాయేలు


23 ఫిబ్రవరి 2025

తాతయ్యా,

నీ జనవరి ఉత్తరం తర్వాత ఇంకేదీ అందలేదు. ఫోన్లో ఈ సంగతి ఎత్తలేకపోయాను. కమిటీకి వచ్చింది మాత్రం చూశాను. వాళ్ళే చూపించారు.

అది నువ్వు రాయలేదు. నీ సంతకం ఉంది, నువ్వు లేవు. మొదటి పేజీలో నేను ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న విద్యావేత్త దగ్గర చదివానని ఉంది. రెండో పేజీలో నా పేరు లేదు. ఉదయ్ కిరణ్ అని ఉంది. "ఉదయ్ కిరణ్ నిజాయితీపరుడు, క్రమశిక్షణ గల యువకుడు" అని. ఛైర్మన్ ఆ వాక్యం పైకి చదివి, "ఇతనెవరు?" అని నన్ను అడిగాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

తర్వాత మేడమ్, పాపం నన్ను బయటపడెయ్యాలనే, "పోనీ ఒక పేజీ ఇప్పుడు చెప్పు. నోటికి వచ్చని నమ్ముతాం" అంది. పుస్తకం తెరిచి పట్టుకుంది. అంతకంటే తేలిక ఏముంది తాతయ్యా. ఆ పొద్దున్నే గదిలో తొమ్మిది పేజీలూ చెప్పుకుని వెళ్ళాను. లేచి నిలబడ్డాను. ఉదయ్ కిరణ్ అన్న పేరు తప్ప బుర్రలో ఏమీ లేదు. మొదటి వాక్యం కూడా రాలేదు. నీళ్ళు ఇచ్చారు. తాగాను. రాలేదు. పది నిమిషాలు ఆగి చూసి, ఇక కూర్చోమన్నారు.

పదిహేడున కాగితం వచ్చింది. ఈ సెమిస్టరు మార్కులన్నీ సున్నా. ఆ అరవై రెండు కూడా కొట్టేశారు. కోర్సులోంచి తీసేశారు. వీసా ఈ చదువు మీదే కనక వెళ్ళిపోవాలి. మార్చి ఇరవై ఎనిమిదికి టికెట్ తీసుకున్నాను. పది రోజుల్లో అప్పీలు పెట్టుకోవచ్చన్నారు. పెట్టను. మళ్ళీ నిలబెడితే మళ్ళీ రాదు.

అమ్మకి నేను రాయలేదు. ఆమె నోటీసు ఇచ్చిందని నీ జనవరి ఉత్తరంలో చదివాను. వెనక్కి తీసుకోమని చెప్పాలి. ఎవరు చెబుతారో తెలియదు.

నీ మీద కోపం లేదు. ఎందుకు నువ్వే రాయలేదు అని మాత్రం అనుకుంటున్నాను. చంద్రుడి మీదకి పంపమనలేదు కదా, అరుగు మీద సంగతేగా రాయమన్నాను.

షైనీ


పెదలంక
19 మార్చి 2025

షైనీకి,

ఉత్తరం శుక్రవారం అందింది. నువ్వన్న పది రోజులు ఎప్పుడో వెళ్ళిపోయాయి.

మీ అమ్మకి నేనే చెప్పేను. ఫోన్లో. ఆయ్ అనకుండా మొత్తం చెప్పేను. నోటీసు వెనక్కి తీసుకోవచ్చేమో సేటుని అడుగుతానంది. అడిగితే, నీ చోటికి వేరే మనిషిని మాట్లాడేసుకున్నామన్నారట. వేరే ఇల్లు చూసుకుంటోంది. ఈ ఏడాది రాదు.

మాస్టారి దగ్గరికి వెళ్ళేను. ఉదయ్ కిరణ్ ఎవరండీ అని అడిగేను. కళ్ళజోడు పెట్టుకుని ఫైలు చూసేరు. "అయ్యో, ఒక్కచోట మారలేదయ్యా. పేరొక్కటేగా. మిగతా భావమంతా బాగుంది కదా" అన్నారు. ఆయ్ అన్నాను. అలవాటు. వచ్చేసేను.

యేసురత్నం పిల్లల్ని రావొద్దన్నాను. "ఎందుకు బాబాయ్, బాగా చెబుతున్నారు కదా" అన్నాడు. ఆదివారం చర్చిలో మళ్ళీ లేచి మా పిల్లని కాలేజీలోంచి తీసేసేరని చెప్పేను. నా వల్లే అని చెప్పబోయేను. ఈలోగా పాట ఎత్తుకున్నారు.

నువ్వు అడిగినది రాసేను. రెండు రోజులు పట్టింది. రేపు రాజోలు వెళ్ళి నాగదుర్గ చేత ఫోటో తీయించి ఆ అడ్రసుకే పంపుతాను. వాళ్ళు చూడరని తెలుసు. నువ్వు బయల్దేరే లోపల ఇది నీకు చేరుతుందో లేదో. అయినా నువ్వైనా చదవాలని ఇందులో కూడా రాస్తున్నాను.

"అయ్యలకి, అమ్మలకి. నా పేరు కొల్లాబత్తుల ఇశ్రాయేలు. షైనీకి తాతని. ఐదో తరగతి చదివేను. చెట్లెక్కి కొబ్బరికాయలు దింపేవాణ్ణి. ముందు పంపిన ఉత్తరం నేను రాయలేదు. ఇది నేను రాస్తున్నాను.

ఈ పిల్లకి నేనే చదువు చెప్పేను. పని నుంచి వచ్చి అరుగు మీద కూర్చునేవాణ్ణి. పిల్ల పుస్తకం నా చేతికిచ్చి చూడకుండా అప్పజెప్పేది. పేజీలకి పేజీలు చెప్పేది. ఇది నిజం.

ఇంకొకటి కూడా నిజం. ఆరో తరగతి నుంచి పుస్తకాలన్నీ ఇంగ్లీషు. నాకు ఇంగ్లీషు రాదు. పిల్లకి తెలియనివ్వలేదు. అది చెబుతుంటే నేను పుస్తకంలో చూస్తున్నట్టు వేలు జరిపేవాణ్ణి. కళ్ళు మాత్రం దాని మొహం మీదే. దాని చూపు పైకి వెళ్తే ఎక్కడో తప్పిందని తెలిసేది. మళ్ళీ చెప్పు అనేవాణ్ణి. తప్పు తాతయ్యకి దొరికిపోయిందని అది భయపడి మళ్ళీ మొదటినుంచి చెప్పేది. పదేళ్ళు ఇలా చేసేను.

దీని అర్థమేంటని ఒక్కరోజూ అడగలేదు. అడిగితే అది చెబుతుంది. తిరిగి నన్నేదైనా అడుగుతుంది. అప్పుడు నాకు రాదని తెలిసిపోతుంది. ఆ సిగ్గుతో అడగలేదు. అర్థం అక్కర్లేదని, మాట పోకుండా చెబితే చాలని అది నా దగ్గరే నేర్చుకుంది.

పిల్ల కాగితాలు తీసుకురాలేదు. అలా చదవమని నవంబరులో ఉత్తరం రాసింది నేను. దానికి తోచింది రాస్తే మీరు మార్కులు వేసేరు. వద్దన్నది నేను.

మీరు సున్నా వెయ్యాల్సింది నాకండి."

ఇశ్రాయేలు